పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో స్లో క్వెరీ బగ్ పట్టుకోవడం, ఫిక్స్ నిజంగా పనిచేసిందో లేదో కొలవడం

బగ్ ఫిక్స్ చేశా, ఇప్పుడు ఫాస్ట్‌గా ఉంది అని చెప్పేస్తాం కానీ ఎంత ఫాస్ట్ అని అడిగితే నీళ్ళు నములుతాం. నేనూ నమిలినవాడినే. ఒకసారి ఫిక్స్ పెట్టి క్వెరీ (డేటాబేస్‌ని డేటా అడిగే కమాండ్) మళ్ళీ రన్ చేస్తే సగం టైమ్‌కే వచ్చింది, టీమ్ అంతా చాటింపు వేసేశా, తీరా చూస్తే మొదటిసారి డేటా డిస్క్ నుంచి వచ్చింది, రెండోసారికి అది మెమరీలో ఉంది, అంతే, నా ఫిక్స్ పీకిందేమీ లేదు.

అందుకే ముందు బగ్‌ని మీ మెషీన్‌లో మళ్ళీ పుట్టించండి. పోస్ట్‌గ్రెస్‌తో పాటే దాని స్పీడ్ కొలిచే పీజీబెంచ్ అనే టూల్ వస్తుంది. దాన్ని మైనస్ ఐ (టెస్ట్ టేబుల్స్ తయారు చేయమని), మైనస్ ఎస్ 50 (స్కేల్, అంటే డేటా ఎంత ఉండాలో) తో రన్ చేస్తే అకౌంట్స్ టేబుల్‌లో 50 లక్షల రోలు పడతాయి (స్కేల్ ఒక్కోదానికి లక్ష). ఇప్పుడు అందులో ఏఐడీ కాలమ్‌తో ఒక రో వెతికే క్వెరీ రాసి, ముందు ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ (క్వెరీని ఎలా నడిపిందో చూపించే కమాండ్) పెట్టండి, ఇండెక్స్ స్కాన్ అని వస్తుంది, అంటే పుస్తకం వెనక సూచికలా ఉండే ఇండెక్స్‌లో చూసి నేరుగా ఆ రోకి వెళ్ళింది. అదే విలువని న్యూమరిక్‌కి (దశాంశాలు పట్టే టైప్) కాస్ట్ చేసి, అంటే మార్చి, మళ్ళీ చూడండి, సీక్ స్కాన్‌కి పోతుంది! ఎందుకంటే కాలమ్ ఇంటీజర్, మీరిచ్చింది న్యూమరిక్, పోల్చడానికి పోస్ట్‌గ్రెస్ కాలమ్‌నే న్యూమరిక్‌గా మారుస్తుంది, ఇండెక్స్ ఉన్నది ఇంటీజర్ మీద కాబట్టి అది పనికిరాదు, ఇక టేబుల్ మొత్తం చదవాల్సిందే. జావా కోడ్‌లో ఐడీని బిగ్‌డెసిమల్‌గా (జావాలో దశాంశాల టైప్) పంపితే జరిగేది సరిగ్గా ఇదే. చాలామంది ఇక్కడ ఇంకో ఇండెక్స్ వేసేస్తారు, వద్దు, కోడ్‌లో టైప్‌ని లాంగ్ (పూర్ణాంకాల టైప్) చేయండి చాలు.

ఇక కొలత. క్వెరీని ఒక ఫైల్‌లో పెట్టి, రాండమ్ ఏఐడీ వచ్చేలా రాసి, పీజీబెంచ్‌కి మైనస్ ఎఫ్ తో ఇవ్వండి. మైనస్ సీ అంటే ఎన్ని కనెక్షన్లు, మైనస్ జే అంటే పీజీబెంచ్‌కి ఎన్ని త్రెడ్లు, మైనస్ టీ (పెద్ద టీ, చిన్నది వేరే పని చేస్తుంది, నేను చాలాసార్లు తప్పు కొట్టా) అంటే ఎన్ని సెకన్లు. మైనస్ పెద్ద పీ 5 పెడితే ప్రతి 5 సెకన్లకీ నంబర్ (సెకనుకి ఎన్ని ట్రాన్సాక్షన్లు అయ్యాయో) చూపిస్తుంది, మొదట్లో తక్కువగా మొదలై కాసేపటికి నిలకడకి వస్తుంది, ఆ వార్మప్ భాగాన్ని లెక్కలోకి తీసుకోకండి. పాత కోడ్, కొత్త కోడ్ మార్చి మార్చి కనీసం మూడేసి సార్లు రన్ చేసి మధ్య విలువ తీసుకోండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఉంచండి, నవ్వకండి, బ్యాటరీ మీద సీపీయూ స్పీడ్ తగ్గిపోయి నంబర్లన్నీ తారుమారవుతాయి.

రైట్లు (డేటాని మార్చే పనులు) కూడా ఉన్న డిఫాల్ట్ టెస్ట్ రన్ చేసేటప్పుడు ఇంకో గుంట ఉంది. బ్రాంచెస్ టేబుల్‌లో స్కేల్‌కి ఒక్క రోనే ఉంటుంది, స్కేల్ 1 పెట్టి 32 కనెక్షన్లు వదిలితే అందరూ ఆ ఒక్క రో కోసం క్యూ కడతారు, మీరు కొలిచేది డేటాబేస్‌ని కాదు, ఆ లాక్‌ని. స్కేల్ ఎప్పుడూ కనెక్షన్ల సంఖ్యకి తగ్గకుండా చూసుకోండి. పైగా చెక్‌పాయింట్ (మెమరీలో మారిన డేటాని డిస్క్‌కి రాసే పని) డిఫాల్ట్‌గా 5 నిమిషాలకి ఒకసారి వస్తుంది, ఒక నిమిషం టెస్ట్‌లో అది అసలు కనపడకపోవచ్చు, అరగంటైనా వదిలేయండి. యావరేజ్ ఒక్కటే చూస్తే చెక్‌పాయింట్ టైమ్‌లో ఇరుక్కున్న యూజర్ కనపడడు, మైనస్ ఎల్ ఇస్తే ప్రతి ట్రాన్సాక్షన్ టైమూ లాగ్‌లో పడుతుంది, అందులో అన్నిటికన్నా స్లో అయిన ఒక శాతం ఎంత తీసుకున్నాయో చూడండి.

నంబర్ బాగా రావాలని ఎఫ్‌సింక్ (రాసిన డేటా నిజంగా డిస్క్‌కి చేరేలా చూసే సెట్టింగ్) ఆఫ్ చేసేవాళ్ళూ ఉన్నారు, నంబర్ అదిరిపోతుంది నిజమే, కానీ కరెంట్ పోతే డేటాబేసే పాడైపోవచ్చు, ప్రొడక్షన్‌లో పెట్టలేని సెట్టింగ్‌తో వచ్చిన నంబర్‌ని మీ రిజల్ట్స్‌లో రాయకండి.