ధరలు నిలకడగా ఉన్నప్పుడు ఉన్న ఇల్లు అమ్మి ఇంకో ఇల్లు కొనడం ఎలా?

ఇళ్ళ ధరలు ఎగబాకే రోజుల్లో అమ్మేవాళ్ళు ఎంత చెబితే అంతకు బేరం తెగుతుంది. పడిపోయే రోజుల్లో కొనేవాళ్ళు ఓపిక పడితే ధర వాళ్ళ దగ్గరికే దిగివస్తుంది. ధరలు ఒకచోట నిలదొక్కుకున్నాక ఈ రెండు సుఖాలూ ఉండవు. ఇల్లు మారాలనుకునేవాళ్ళు అప్పుడు చూడాల్సింది అమ్మే ధర, కొనే ధర విడివిడిగా కాదు, రెండింటి మధ్య తేడా.

లెక్క కోసం మీ ఇల్లు 60 లక్షలు, కొనబోయేది 90 లక్షలు అనుకుందాం. పైన వేయాల్సింది 30 లక్షలు. రెండిటికీ 5 శాతం ధర తగ్గితే మీది 57కే పోతుంది, కానీ అవతలిది 85.5కి వస్తుంది. తేడా 28.5. మూడు లక్షలు నష్టపోయామని దిగులుపడేవాళ్ళకు నిజానికి లక్షన్నర మిగిలింది. పెద్ద ఇంటి నుంచి చిన్న ఇంటికి మారేవాళ్ళకు ఇదే లెక్క తిరగబడుతుంది. ధరలు జారుతున్నట్టు కనబడితే వాళ్ళు అమ్మకం వాయిదా వేయకూడదు.

1. నిలకడ నిజమేనా చూసుకోండి

మీ చుట్టుపక్కల మీ ఇంటి లాంటివి ఇప్పుడు ఎన్ని అమ్మకానికి ఉన్నాయో లెక్కపెట్టండి. గత ఆరు నెలల్లో అమ్ముడైనవాటిని ఆరుతో భాగిస్తే నెల సగటు వస్తుంది. అమ్మకానికి 48 ఉండి నెలకు 8 చొప్పున పోతుంటే, ఆరు నెలలకు సరిపడా ఇళ్ళు ఉన్నట్టు. ఐదారు నెలలకు సరిపడా ఉంటే ఎవరిదీ పైచేయి కాదని వ్యాపారంలో మామూలు లెక్క. మూడు నెలలకు దిగితే అమ్మేవాళ్ళ మాట చెల్లుతుంది, ఎనిమిది దాటితే కొనేవాళ్ళది. ఒకే ఊళ్ళో చిన్న ఫ్లాట్లది ఒక లెక్క, పెద్ద ఇండిపెండెంట్ ఇళ్ళది ఇంకో లెక్క కావచ్చు. కాబట్టి అమ్మేదానికీ కొనేదానికీ వేర్వేరుగా తీయండి.

వార్తల్లో వచ్చే మధ్యస్థ ధర (ధరలన్నీ వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది) దగ్గర జాగ్రత్త. ఒక నెల ఐదు ఇళ్ళు 40, 42, 45, 75, 78 లక్షలకు పోయాయనుకోండి, మధ్యస్థం 45. మరుసటి నెల 41, 44, 72, 74, 76కి పోతే మధ్యస్థం 72. పెద్ద ఇళ్ళ ధర నిజానికి కాస్త తగ్గింది. పెద్దవి ఒకటి ఎక్కువ అమ్ముడయ్యాయి, అంతే. ధరలు ఆకాశానికి అంటాయని పేపర్లో పడేది మాత్రం ఇలాంటి నెలలోనే.

2. తెగిన ధరల మీద మీ ధర కట్టండి

పక్కింటివాళ్ళు ఎంత అడుగుతున్నారన్నది వాళ్ళ ఆశ, దాన్ని పక్కన పెట్టండి. గత మూడు నుంచి ఆరు నెలల్లో నిజంగా చేతులు మారిన ఐదారు ఇళ్ళు తీసుకోండి: దగ్గర్లోనివి, విస్తీర్ణం పది పదిహేను శాతానికి మించి తేడా లేనివి, వయసులో దగ్గరివి. విస్తీర్ణం పోల్చేటప్పుడు గోడల లోపలి వాడుక జాగానే కొలతగా పెట్టుకోండి. ఒకరు లోపలి జాగా చెప్పి, ఇంకొకరు మెట్లు, లిఫ్టు కలిపి చెబితే చదరపు అడుగు ధర పోల్చడానికి అర్థం ఉండదు. పార్కింగ్, అంతస్తు, మరమ్మతులు, వీటికి కూడికలు తీసివేతలు చేశాక వచ్చే అంకె చుట్టూ రెండు మూడు శాతమే బేరానికి వదలండి.

చాలామంది పది శాతం ఎక్కువ చెబుదాం, తర్వాత తగ్గిద్దాం అంటారు. నిలకడ మార్కెట్లో ఇది బెడిసికొడుతుంది. కొత్తగా వచ్చిన ఇంటిని ఎక్కువమంది చూసేది మొదటి రెండు వారాల్లోనే. అప్పటికే అన్ని ఇళ్ళూ చూసి ఉన్నవాళ్ళు ఎక్కువ ధర చూసి తిరిగిపోతే, మీరు తగ్గించేసరికి వాళ్ళు ఇంకోటి కొనేసి ఉంటారు. మూడు నెలలుగా పడి ఉన్న ఇంటికి ‘ఏదో లోపం ఉండే ఉంటుంది’ అన్న పేరు కూడా వస్తుంది.

వెబ్‌సైట్లలో జనం 70, 80 లాంటి రౌండు అంకెలతో వెతుకుతారు. 81 లక్షలు పెడితే 80 లోపు వెతికేవాళ్ళకు మీ ఇల్లు కనబడనే కనబడదు. సరిగ్గా 80 పెడితే 80 లోపు వెతికేవాళ్ళకూ, 80 నుంచి పైకి వెతికేవాళ్ళకూ కనిపిస్తుంది.

3. మూడు వారాలకు లెక్క చూసుకోండి

ఎవరూ చూడ్డానికే రాలేదంటే ధరైనా ఎక్కువ, ఫొటోలైనా బాగాలేవు. పదిమంది వచ్చి చూసి ఒక్కరూ ధర అడగలేదంటే ఇంట్లో ఏదో వాళ్ళను వెనక్కి లాగుతోంది. వచ్చినవాళ్ళను బ్రోకర్‌తో అడిగించండి, మీకు ముఖం మీద చెప్పరు. తగ్గించాల్సి వస్తే నాలుగైదు శాతం ఒకేసారి తగ్గించండి. వారం వారం కొంచెం కొంచెం దిగుతుంటే కొనేవాళ్ళు ఇంకా దిగుతుందని కాచుకుని కూర్చుంటారు.

4. ముందు అమ్మడమా, కొనడమా?

ఇళ్ళు నిదానంగా కదిలే చోట ముందు అమ్మడమే క్షేమం. కొనేసి, పాతది అమ్ముడుపోక రెండు వాయిదాలు, రెండు పన్నులు, రెండు మెయింటెనెన్సులు మోస్తున్నవాళ్ళు చివరకు తెగనమ్ముకుంటారు. తప్పనిసరిగా ముందు కొనాల్సి వస్తే, అమ్మకానికి ఎన్ని నెలలు పడుతుందనుకుంటున్నారో దానికి రెట్టింపు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి.

ముందు అమ్మితే ఎక్కడ ఉండాలన్నది సమస్య. కొన్నవాళ్ళతో మాట్లాడుకుని నెలో, నెలన్నరో అదే ఇంట్లో అద్దెకు ఉండొచ్చు. అద్దె, డిపాజిట్, ఖాళీ చేసే తేదీ, ఆ తేదీ దాటితే రోజుకు ఎంత కట్టాలి, ఇవన్నీ కాగితం మీద ఉండాలి.

అప్పు ఎంత వస్తుందో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. 20 ఏళ్ళ అప్పుపై వడ్డీ 8 నుంచి 9 శాతానికి పెరిగితే, అదే నెలవాయిదాకు దొరికే మొత్తం సుమారు 7 శాతం తగ్గిపోతుంది.

5. కొనబోయే ఇల్లు రెండుసార్లు చూడండి

ఒకటి పగటి వెలుతురులో, ఇంకోటి వాన పడ్డాక. సీలింగ్‌లో ఒక మూలకే కొత్త రంగు వేసి ఉంటే, దాని కింద తడి మరక ఉందేమో అడగండి. స్లాబ్ మధ్యలో గుండ్రటి మరక ఉంటే పై అంతస్తు బాత్రూం లీకయ్యే అవకాశం ఎక్కువ. గోడ అడుగున వరసగా పెచ్చులూడుతుంటే తేమ నేల నుంచి ఎక్కుతున్నట్టు, రంగుతో అది పోదు. వెంట్రుకవాసి బీటలు ప్లాస్టర్‌వి కావచ్చు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా, 5 మిల్లీమీటర్లకు మించి విచ్చుకున్న బీట కనబడితే స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి ధార సన్నబడుతుందేమో చూడండి.

6. బేరం, అగ్రిమెంట్

కొనేవాళ్ళు ‘కాస్త తగ్గించండి’ అని కాకుండా, దగ్గర్లో తెగిన మూడు ధరలూ, ఇంజినీర్ రాసిన మరమ్మతు ఖర్చూ ముందు పెట్టి అడగాలి. ధర కదలకపోతే తేదీ, మరమ్మతులు, ఇంట్లో వదిలివెళ్ళే సామాను మీద బేరమాడొచ్చు.

అప్పు మంజూరు కాకపోతే, హక్కు పత్రాల్లో లోపం తేలితే, ఇంజినీర్ పెద్ద నష్టం చూపిస్తే అడ్వాన్సు వెనక్కి రావాలని, ఒక్కో షరతుకూ గడువు తేదీతో సహా రాయించుకోండి. లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారినప్పటి పత్రాలు), తాకట్లు, బకాయిలు, వారసులందరి సంతకాలు లాయర్ చూడాలి. అమ్మేవాళ్ళకు ఇంటి మీద అప్పుంటే, ఆ మొత్తం నేరుగా వాళ్ళ బ్యాంకుకే కట్టండి.

చాలా బేరాలు ఆఖర్న తప్పేది బ్యాంకు విలువ కట్టడం దగ్గర. 80 లక్షలకు ఒప్పుకున్న ఇంటికి బ్యాంకు మనిషి 75 లక్షలే వేస్తే, 80 శాతం అప్పు అంటే 64 కాదు, 60 లక్షలే. చేతి నుంచి 16కి బదులు 20 పెట్టాలి. ఆ నాలుగు లక్షలు ఎక్కణ్ణుంచి తెస్తారో, లేక ధర తగ్గించమని అడిగే హక్కు ఉంటుందో అగ్రిమెంట్ అప్పుడే తేల్చుకోవాలి.

7. తాళాలు తీసుకునే రోజు

రిజిస్ట్రేషన్‌కు ముందు ఇంకోసారి ఇల్లంతా తిరగండి. వదిలివెళ్తామన్న ఫ్యాన్లు, గీజర్లు ఉన్నాయా, సామాను దించేటప్పుడు ఏమైనా పగిలాయా చూడండి. కరెంటు, నీళ్ళ మీటర్ల రీడింగులు తేదీ కనబడేలా ఫొటో తీసి, ఆ రోజు వరకు బిల్లు అమ్మినవాళ్ళదేనని రాయించుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి.