రాగి సంగటి ఉండ కట్టకుండా, పక్కన ఊరిబిండి (వేరుశనగ పచ్చడి), పొద్దున్నకు అంబలి: ఎలా చేయాలి?

సంగటి కెలకడం రాక చెడిపోయేది తక్కువ, తొందరపడి కెలికితే చెడిపోయేదే ఎక్కువ. పొడి పిండికి మరిగే నీళ్లు తగలగానే పైపొర ఉడికి జిగురవుతుంది. ఆ జిగురు దాటి నీళ్లు లోపలికి పోలేవు. అదే ఉండ. విరిచి చూస్తే నడుమ పచ్చి పిండి పొడిపొడిగా కనిపిస్తుంది. దీన్ని తప్పించే దారులు రెండు. పిండిని కదిలించకుండా ఆవిరికి వదిలేయడం సంగటి దారి. చన్నీళ్లలో ముందే కలిపి పెట్టుకోవడం అంబలి దారి. ఈ రెండూ కలగాపులగం చేస్తేనే చిక్కు.

చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వైపు ఇళ్లలో సంగటిలో బియ్యం తప్పకుండా పడతాయి. కుప్పం దాటి కర్ణాటకలోకి పోతే అదే ముద్దె. అక్కడ సాధారణంగా ఒట్టి రాగి పిండితోనే చేస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మన పద్ధతే సులువు, ఎందుకంటే మెత్తగా ఉడికిన అన్నం పిండిని పట్టి ఉంచుతుంది.

పిండి సంగతి

రాగులు కొని మరకు ఆడించుకుంటే మేలు. ముందు రెండు మూడు సార్లు నీళ్లలో గాలించి ఇసుక తీసేయాలి. తర్వాత బట్ట మీద పరిచి గలగలలాడేదాకా ఆరబెట్టాలి. తడి ఉంటే పిండికి ముక్కవాసన వస్తుంది. మర నుంచి వేడివేడిగా తెచ్చిన పిండిని వెంటనే డబ్బాలో పోసి మూత పెట్టకండి. లోపల చెమ్మ పట్టి పిండి గడ్డ కడుతుంది. కాగితం మీద పలుచగా పరిచి, పూర్తిగా చల్లారాక ఎత్తుకోండి.

మొలకెత్తించి ఆడించిన పిండి సంగటికి పనికిరాదు. మొలకెత్తేటప్పుడు గింజలోని గంజిపదార్థం విరిగిపోతుంది కాబట్టి ముద్ద నిలబడదు, ఎంతసేపు ఉడికించినా జారుతుంది. ఆ పిండి జావకు బాగుంటుంది. దుకాణంలో ప్యాకెట్ కొనేటప్పుడు ఈ మాట చూసుకోండి, ‘మొలకల పిండి’ అని చిన్న అక్షరాల్లోనూ రాస్తారు.

రాగుల రకం గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. తిరుపతి దగ్గరి పెరుమాళ్లపల్లె వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన వకుళ, తిరుమల లాంటి రకాలైనా, ఊళ్లో పండే పాత రకాలైనా పిండి తాజాగా ఉంటే చాలు. కాల్షియం కోసమని రాగులు తినేవాళ్లకు ఒక లెక్క: 100 గ్రాముల రాగుల్లో సుమారు 340 నుంచి 360 మిల్లీగ్రాములు ఉంటుంది.

నాలుగు ముద్దలకు కొలత

గ్లాసంటే ఇక్కడ 200 మిల్లీలీటర్లది. రాగి పిండి ఒక గ్లాసు, బియ్యం లేదా నూకలు అర గ్లాసు, నీళ్లు నాలుగు గ్లాసులు, ఉప్పు అర చెంచా. నూకలే మంచివి, త్వరగా మెత్తబడతాయి. బియ్యమైతే పాతవి వద్దు. పాత బియ్యం మెతుకు విడివిడిగా ఉంటుంది, సంగటికి కావలసింది దానికి సరిగ్గా ఉల్టా.

గిన్నె లోతుగా, అడుగు మందంగా ఉండాలి. సత్తు దబర అయితే సరిపోతుంది. నాన్‌స్టిక్ గిన్నెలో కట్టెతో అదిమితే పూత లేచిపోతుంది. సంగటి కట్టె లేనివాళ్లు చపాతీ కర్ర వాడొచ్చు. గరిటెతో మాత్రం కాదు, కాడ వంగిపోతుంది.

చేసే తీరు

బియ్యం కడిగి అరగంట నానబెట్టండి. నాలుగు గ్లాసుల నీళ్లు మరిగించి, ఉప్పు, బియ్యం వేసి మధ్యస్థమైన మంట మీద ఉడికించండి. మామూలు అన్నానికి ఉడికినట్టు చాలదు. మెతుకు వేళ్ల మధ్య నలిపితే వెన్నలా పోవాలి, దానికి 20 నిమిషాలైనా పడుతుంది. కుక్కరులో పెడితే నీళ్లు మూడున్నర గ్లాసులు చాలు, నాలుగు కూతలు రానివ్వండి. ఆవిరి పెద్దగా బయటికి పోదు కాబట్టి ఆ అర గ్లాసు తగ్గించాలి.

ఇప్పుడు పైనున్న గంజిలోంచి ముప్పావు గ్లాసు తీసి పక్కన పెట్టుకోండి. ఈ ఒక్క పని చేయనివాళ్లే తర్వాత సంగటి గట్టిపడిందని మామూలు నీళ్లు పోస్తారు. చన్నీళ్లు పోస్తే ముద్ద విరిగిపోతుంది, పైన తడి, లోపల గట్టి. వేడి గంజి అయితే కలిసిపోతుంది.

మంట బాగా తగ్గించండి. రాగి పిండిని అన్నం మధ్యలో గుట్టలా పోయండి. చుట్టూ గంజి బుడగలు తేలుతూ ఉండాలి. కట్టె కొసతో గుట్ట నడిమధ్య అడుగుదాకా ఒక రంధ్రం చేయండి, ఆవిరి పైకి రావడానికి దారి అది. కట్టె తీసేసి మూత పెట్టండి. ఏడెనిమిది నిమిషాలు ముట్టుకోకండి. మధ్యలో మూత తీసి చూస్తే తెలుస్తుంది: మొదట గుట్ట లేత రంగులో పొడిగా ఉంటుంది. అంచుల నుంచి తడి పైకి పాకుతూ ముదురు గోధుమ రంగు తేలుతుంది. పైన పొడి మచ్చ లేకుండా గుట్ట మొత్తం రంగు మారిందంటే కెలకడానికి సమయమైంది. పచ్చి పిండి వాసన పోయి, కాల్చిన గింజల వాసన వస్తుంది.

దబరను పొయ్యి మీద నుంచి దించి నేల మీద, మడిచిన తడిగుడ్డ మీద పెట్టండి. నడుమెత్తు స్టవ్ మీద కెలికితే బలం చాలదు, గిన్నె కూడా తిరుగుతుంది. ఒక చేత్తో పట్టకారుతో అంచు గట్టిగా పట్టుకోండి. ఆవిరి ముంజేతికి తగులుతుంది, చేతికి గుడ్డ చుట్టుకోవడం మంచిది. కట్టెను గుండ్రంగా తిప్పడం వల్ల లాభం లేదు, ఉండలు కట్టెతో పాటే తిరుగుతాయి. పిండిని మధ్యలోంచి లాగి గిన్నె గోడకు అదమాలి, మళ్లీ లాగాలి, మళ్లీ అదమాలి. ఉండ ఏదైనా ఉంటే గోడకూ కట్టెకూ మధ్య నలుగుతుంది. రెండు మూడు నిమిషాలకు ముద్ద ఒక్కటై గోడల నుంచి విడిపోతుంది. గట్టిగా అనిపిస్తే దాచిన గంజి రెండేసి చెంచాలు పోస్తూ కెలకండి, ఒక్కసారిగా కాదు.

మళ్లీ సన్న సెగ మీద పెట్టి మూత వేసి రెండు మూడు నిమిషాలు మగ్గనివ్వండి. వేలు తడి చేసుకుని పైన తాకండి. అంటకపోతే ఉడికింది. అంటితే ఇంకో రెండు నిమిషాలు.

ముద్ద చేయడానికి చిన్న గిన్నెలో నీళ్లు చిలకరించి, సంగటి వేసి గుండ్రంగా ఊపితే చాలు, దానంతటదే ఉండవుతుంది. చేత్తో చేసేవాళ్లు ప్రతి ముద్దకూ చెయ్యి తడుపుకోవాలి. చల్లారనిచ్చి చేస్తే పగుళ్లు వస్తాయి.

చెనిక్కాయల ఊరిబిండి

హోటళ్లలో సంగటి అంటే నాటుకోడి పులుసే. ఇంట్లో రోజువారీ జత మాత్రం ఊరిబిండి, లేకపోతే పులగూర (పుల్లగా వండిన ఆకుకూర). ఊరిబిండికి వేరుశనగ గింజలు ఒక గ్లాసు, ఎండుమిరపకాయలు ఎనిమిది, ఉసిరికాయంత చింతపండు, తెల్లగడ్డ (వెల్లుల్లి) రెబ్బలు ఐదు, చిన్న ఎర్రగడ్డ (ఉల్లిపాయ) ఒకటి, ఉప్పు ముప్పావు చెంచా.

గింజలను సన్న సెగ మీద పది నిమిషాలు కదుపుతూ వేయించాలి. మంట పెంచితే పొట్టు నల్లబడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. ఒక గింజ చీల్చి చూడండి, లోపల లేత బిస్కెట్ రంగు ఉండాలి. అదే బాండలిలో అర చెంచా నూనె వేసి మిరపకాయలు ఉబ్బేదాకా వేయించండి. చింతపండుకు రెండు చెంచాల వేడినీళ్లు పోసి పెట్టండి.

గింజలు పూర్తిగా చల్లారాలి. గింజ బరువులో దాదాపు సగం నూనే, వేడి మీద మిక్సీ తిప్పితే అది బయటికొచ్చి జిడ్డు ముద్ద అవుతుంది. ముందు మిరపకాయలు, ఉప్పు, చింతపండు మెత్తగా నూరండి. తర్వాత తెల్లగడ్డ. ఆపైన పొట్టు తీసిన గింజలు, ఆపి ఆపి తిప్పాలి, పంటికి తగిలే పలుకు మిగలాలి. పావు గ్లాసు నుంచి అర గ్లాసు దాకా నీళ్లు చాలు. చివరికి ఎర్రగడ్డ ముక్కలు వేసి ఒక్క తిప్పు. రోలు ఉన్నవాళ్లు ఎర్రగడ్డను కచ్చాపచ్చాగా దంచితే సరి, రుచిలో తేడా అక్కడే తెలుస్తుంది. పచ్చి ఎర్రగడ్డ పడిన బిండి ఆ రోజే తినేయాలి. మర్నాటికి కావాలంటే ఎర్రగడ్డ వేయకుండా తీసి పెట్టుకోండి.

తినేటప్పుడు ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి వేసి, కొసరు తుంచి బిండిలో అద్దుకుని మింగాలి. నమిలితే పళ్లకు అంటుకుంటుంది, కొత్తవాళ్లు సంగటి బాగాలేదనేది చాలాసార్లు అందుకే.

కుదరకపోతే

కట్టెకూ పళ్లేనికీ అంటుకుంటూ జారుతుంటే నీళ్లు ఎక్కువయ్యాయి. అప్పుడు పొడి పిండి చల్లకండి, మళ్లీ ఉండలే. మూత తీసి సన్న సెగ మీద కెలుకుతూ నీరు ఇగర్చండి. అప్పటికీ ముద్ద కాకపోతే అది రేపటి అంబలికి. చిన్న ఉండలు మిగిలితే ముద్దలు చేసేటప్పుడు వేళ్లతో తీసేయండి, మళ్లీ ఉడికించినా అవి కరగవు. అడుగున పట్టిన మాడును గీకకుండా దబర నిండా చన్నీళ్లు పోసి రాత్రంతా వదిలేస్తే పొరలా లేచి వస్తుంది.

మిగిలిన ముద్దతో అంబలి

ఫ్రిజ్‌లో పెట్టిన సంగటి రాయిలా గట్టిపడుతుంది, అలా పెట్టొద్దు. పూర్తిగా చల్లారిన ముద్దను మట్టికుండలోనో స్టీలు గిన్నెలోనో వేసి, మునిగేదాకా నీళ్లు పోసి మూత పెట్టండి. పొద్దున్నకు కాస్త పులుస్తుంది. ఆ నీళ్లతోనే ముద్దను చేత్తో పిసికి, రెండు గ్లాసుల పలుచటి మజ్జిగ, తగినంత ఉప్పు, సన్నగా తరిగిన ఎర్రగడ్డ, ఒక పచ్చిమిరపకాయ, కరివేపాకు కలపండి. నంజుకోవడానికి ఊరమిరపకాయ ఉంటే ఇంకేం కావాలి. ఎండాకాలంలో ఎనిమిది గంటలకు మించి నాననివ్వకండి. నీళ్లు తీగలు సాగినా, పులుపు కాకుండా కుళ్లు వాసన వచ్చినా పారేయాల్సిందే.

ముద్ద మిగలని రోజు పిండితోనే చేయొచ్చు. మూడు పెద్ద చెంచాల రాగి పిండిని ఒక గ్లాసు చన్నీళ్లలో ఉండ లేకుండా కలపండి. వేరే గిన్నెలో రెండు గ్లాసుల నీళ్లు మరిగించి, కలిపిన పిండిని సన్నటి ధారగా పోస్తూ కలియబెట్టండి. ఏడెనిమిది నిమిషాలకు చిక్కబడి మెరుపు వస్తుంది. దించి, చేయి పెట్టగలిగేంత చల్లారాకే మజ్జిగ పోయండి. వేడి మీద పోస్తే మజ్జిగ విరుగుతుంది.