యునలెస్కాను ద్వేషించకుండా ఓడించడం ఎలా

ఫైనల్ ఫాంటసీ 10 వీడియో గేమ్ ఆడుతూ జానార్కండ్ అనే శిథిల నగరం దాకా వచ్చి, అక్కడ యునలెస్కా అనే శత్రువు చేతిలో పదేపదే ఓడి ఆట పక్కన పెట్టేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆమె ఎందుకలా తయారైందో తెలిస్తే పోరాటం కూడా తేలికవుతుంది. అందుకే ఆమె కథనీ, ఆమెను గెలిచే పద్ధతినీ ఇక్కడ కలిపే చెబుతున్నాం. కథలో అసలు గుట్టంతా విప్పక తప్పదు కాబట్టి, అంతవరకు ఆడనివాళ్ళు ఇక్కడితో ఆపేయండి.

ముందు ఆమె గతం. ఆట జరిగే లోకం పేరు స్పీరా. అక్కడ వెయ్యేళ్ళ కిందట బెవెల్, జానార్కండ్ నగరాల మధ్య యుద్ధం జరిగింది. అప్పుడు పుట్టుకొచ్చిన సిన్ అనే భారీ వినాశకర జీవి జానార్కండ్‌ని నేలమట్టం చేసింది. ఆ నగరాన్ని ఏలిన యెవోన్ కూతురే యునలెస్కా. సిన్‌ని ఆపడానికి ఆమె తన భర్త జేయాన్‌నే ఆఖరి ఇయాన్‌గా (పిలిస్తే వచ్చి పోరాడే మహాశక్తిగా) మార్చి పిలిచింది. సిన్ పడింది, ఆమె ప్రాణమూ పోయింది. కానీ పైలోకానికి పోకుండా, వెయ్యేళ్ళుగా ఆ శిథిలాల్లోనే ఉండి, వచ్చిన ప్రతి సమనర్‌కీ (ఇయాన్లను పిలవగల యాత్రికుడికీ) అదే దారి చూపిస్తోంది: నీ వెంట వచ్చిన రక్షకుల్లో ఒకరిని ఎంచుకో, వాళ్ళు ఇయాన్ అవుతారు, దాన్ని పిలిచాక నువ్వు చనిపోతావు, స్పీరాకి కొన్నేళ్ళ ప్రశాంతత దక్కుతుంది. గెలిచిన ఆ ఇయానే తర్వాత కొత్త సిన్‌గా మారుతుందన్న సంగతి మాత్రం జనానికి తెలియదు. పదేళ్ళ కిందట కథానాయకుడు టీడస్ తండ్రి జెక్ట్‌కి జరిగింది అదే.

జానార్కండ్ డోమ్‌లోకి అడుగుపెట్టాక పరుగు తీయకండి. పాత యాత్రికుల జ్ఞాపకాలు అక్కడ నీడల్లా కనిపిస్తుంటాయి. కథలో మనకు శత్రువైన సేమోర్, చిన్న పిల్లాడిగా తల్లిని పట్టుకుని ఏడ్చే దృశ్యం వాటిలో ఒకటి. కొడుకు కోసం తానే ఇయాన్ కావడానికి ఆ తల్లి సిద్ధపడుతుంది. ఇంకాస్త లోపల మన సమనర్ యూనా తండ్రి బ్రాస్కా, ఆయన రక్షకులు జెక్ట్, ఆరన్ కనిపిస్తారు. ఈ దృశ్యాలు చూడకుండా వెళ్తే యునలెస్కా మామూలు రాక్షసిలాగే అనిపిస్తుంది. చూసి వెళ్తే, ప్రేమించినవాళ్ళని బలివ్వడమే గొప్ప ప్రేమ అని ఒక మతం మొత్తం ఎలా నమ్మిందో అర్థమవుతుంది. జేయాన్ విగ్రహం దగ్గర కూడా కాసేపు ఆగండి. అది ఖాళీ రాయి, లోపల ఆత్మ లేదు. ఆమె తొలి బలి ఎప్పుడో ఖర్చైపోయింది.

సిన్ ఎప్పటికైనా శాశ్వతంగా పోతుందా అని యూనా అడిగినప్పుడు యునలెస్కా దాచదు, పోదని చెప్పేస్తుంది. పాపం కడుక్కుంటే సిన్ పోతుందన్నది గుళ్ళో పూజారులు చెప్పే మాట. ఆమె వాదన వేరు: దుఃఖం ఎలాగూ తప్పదు, ఆశ ఉంటే దాన్ని ఓర్చుకోగలరు, అది ఉత్తుత్తి ఆశైనా సరే. ఆమె తప్పంతా ఇక్కడే ఉందని మా అభిప్రాయం. ఒకనాడు వేరే దారి లేక తాను చేసిన పనిని లోకధర్మంగా మార్చేసింది. ఆ ధర్మం అబద్ధమని ఒప్పుకుంటే, జేయాన్ చావుకి అర్థం లేదని ఒప్పుకోవాలి. వెయ్యేళ్ళు గడిచాక ఎవరికైనా అది సాధ్యమా?

ఇక పోరాటం. మూడు రూపాలు, వరుసగా 24,000, 48,000, 60,000 హెచ్‌పీ (ప్రాణశక్తి). మధ్యలో సేవ్ ఉండదు. జాంబీ స్థితిని పోగొట్టే హోలీ వాటర్ కనీసం 10, పడిపోయినవాళ్ళని లేపే ఫీనిక్స్ డౌన్ 20 దగ్గర పెట్టుకోండి. ముఖ్యమైనవాళ్ళకి 3,000 దాకా హెచ్‌పీ ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. బహమూత్ అనే ఇయాన్ ఓవర్‌డ్రైవ్ (ప్రత్యేక దాడి) ముందే నింపి ఉంచండి.

మొదటి రూపంలో మనం ఎలా కొడితే అలా బదులిస్తుంది. ఆయుధంతో కొడితే బ్లైండ్, మంత్రం వేస్తే సైలెన్స్, స్కిల్ వాడితే స్లీప్. బ్లైండ్‌కి ఐ డ్రాప్స్, సైలెన్స్‌కి ఎకో స్క్రీన్ ఉంటే సరిపోతుంది.

రెండో రూపం నుంచి అసలు పరీక్ష. హెల్‌బైటర్ అనే దాడితో ముగ్గురినీ జాంబీలను చేస్తుంది. జాంబీ అయినవాళ్ళకి హీలింగ్ విషంలా పనిచేస్తుంది. అందుకే ఆమే మన మీద క్యూరా, రీజెన్ అనే హీలింగ్ మంత్రాలు వేస్తుంది. మేలు చేసే మంత్రంతోనే చంపుతుంది. కంగారులో మనమూ అదే పని చేసి పోగొట్టుకుంటాం: పార్టీ అంతటికీ అల్ భెడ్ పోషన్ వాడతాం, లేదా బతికే ఉన్న జాంబీ మీద ఫీనిక్స్ డౌన్ వేస్తాం. రెండోదైతే మనిషి అక్కడికక్కడే పోతాడు. జాంబీకి హెచ్‌పీ నింపాలంటే ముందు హోలీ వాటర్, ఆ తర్వాతి టర్న్‌లో క్యూరా, అదే వరుస.

అలాగని ముగ్గురినీ శుభ్రం చేసేయకండి. మూడో రూపం రాగానే మెగా డెత్ వేస్తుంది. జాంబీలు తప్ప ముందు వరుసలో ఉన్నవాళ్ళంతా ఒక్క దెబ్బకి చస్తారు. వెనక నలుగురు క్షేమంగా ఉన్నా, ముందున్న ముగ్గురూ పడిపోతే గేమ్ ఓవర్. ఎక్కువమంది ఓడిపోయేది ఈ క్షణంలోనే, అదీ తమ పార్టీని చక్కగా నయం చేసుకున్నందుకే. కాబట్టి రెండో రూపం హెచ్‌పీ తగ్గేకొద్దీ హోలీ వాటర్ ఆపేయండి. ఇద్దరిని జాంబీలుగా వదిలేసి, హీల్ చేయడానికి యూనా ఒక్కదాన్నే శుభ్రంగా ఉంచండి. మెగా డెత్‌కి ఆమె పడిపోతే ఫీనిక్స్ డౌన్ వేయండి. చచ్చి లేచినవాళ్ళకి జాంబీ ఉండదు కాబట్టి ప్రమాదం లేదు. మెగా డెత్ మళ్ళీ మళ్ళీ వస్తుంది, అందుకని ఒక్క జాంబీ అయినా ఎప్పుడూ ముందు వరుసలో ఉండాలి. తక్షణ మరణాన్ని ఆపే డెత్‌ప్రూఫ్ కవచం ఉంటే ఈ లెక్కలు అక్కర్లేదు. ఆమె మైండ్ బ్లాస్ట్ దాడికి కన్‌ఫ్యూజ్ అయినవాళ్ళని మనమే ఒక దెబ్బ కొడితే తేరుకుంటారు.

ఈ నియమం కాకతాళీయం అనుకోలేం. సగం చచ్చినవాడికి చావంటే భయం లేదని ఆమె స్పీరా మొత్తానికి నేర్పింది. ఆమె ముందు నిలవాలంటే మనమూ కాసేపు అలాగే ఉండాలి. హోలీ వాటర్ ఎప్పుడు వాడాలో, ఎప్పుడు ఆపాలో తేల్చుకుంటున్న ప్రతిసారీ ఆమె సిద్ధాంతం ఎంత గట్టిగా పట్టేస్తుందో చేతికే తెలుస్తుంది.

గెలిచాక వచ్చే కట్‌సీన్‌లో ఫోన్ చూసుకోకండి. ఆమె శపించదు. స్పీరాకి ఆశ లేకుండా పోయిందని బాధపడి, జేయాన్‌ని క్షమించమని అడుగుతూ మాయమవుతుంది. ఆ తర్వాత బెవెల్‌లో మతపెద్ద గ్రాండ్ మేస్టర్ మీకాకి ఈ వార్త తెలిసినప్పుడు ఏం చేస్తాడో గమనించండి. ఆమె లేదని తెలియగానే ఆయన ఇక ఈ లోకంలో ఉండలేక తనంతట తానే మాయమైపోతాడు. పై నుంచి కింది దాకా ఆ మతం అంతా ఆమె నిరాశ మీదే నిలబడిందని ఆ ఒక్క దృశ్యంలో తెలుస్తుంది.

డోమ్ వదిలి వచ్చేముందు, పోరాడిన చోటికే ఒకసారి వెనక్కి వెళ్ళండి. అక్కడి పెట్టెలో సన్ క్రెస్ట్ ఉంటుంది. టీడస్ ఆఖరి కత్తికి అది కావాలి. ఇప్పుడు తీసుకోకపోతే, హెచ్‌డీ రీమాస్టర్‌లో మళ్ళీ వచ్చేసరికి దారిలో డార్క్ బహమూత్ అనే బలమైన శత్రువు కాపు కాస్తుంటుంది.