పాత బోటు కొనే ముందు జాగ్రత్తలు

కాకినాడలోనో అంతర్వేదిలోనో సెకండ్ హ్యాండ్ చేపల బోటు చూశారా? బయానా ఇచ్చే ముందు:

• ఒరిజినల్ ఆర్‌సీ అడగండి. "ఇంట్లో ఉందండి" అని జిరాక్స్ చూపిస్తే ఆగండి.

• ఆర్‌సీలోని నంబరు, బోటు మీద రాసిన నంబరు ఒకటేనా? ఎండలో పక్కనుంచి చూస్తే కొత్త పెయింటు కింద పాత అంకెలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. ఇంజిన్ నంబరు మసిగుడ్డతో తుడిచి మరీ చదవండి. మునిగిపోయిన బోటు ఆర్‌సీ రద్దు చేయించకపోతే, ఆ కాగితం ఇంకో బోటుకి తగిలించొచ్చు. నా భయమంతా దాని గురించే.

• యానాం బోటా? అది పుదుచ్చేరి. నంబరులో ఏపీ ఉండదు, పీవై ఉంటుంది. బదిలీకి ఇరువైపులా తిరగాలి.

• స్టాంపు పేపరు రాసుకుంటే సరిపోదు, మత్స్యశాఖ రికార్డులో పేరు మారాలి. వేట లైసెన్సు వేరే.

• బోటు మీద అప్పు బాకీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూ కాగితం అడగండి.

• ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోటు ఒడ్డునే ఉంటుంది, తీరిగ్గా చూడొచ్చు.