క్యాబేజీ గడ్డ కట్టట్లేదా? పగిలిపోతోందా?

ఆకులు ఏపుగా ఉండి గడ్డ కట్టట్లేదంటే, ఎరువు వేసే ముందు మొవ్వు దగ్గర ఆకులు విప్పి చూడండి. అక్కడ చిల్లి, పక్కనే ముదురు పచ్చని రెట్ట గుళికలు కనిపిస్తే పురుగు చిగురు తినేసినట్టే. ఆ మొక్క ఇక సరైన గడ్డ కట్టదు, జాలిపడకుండా పీకేయండి. మొవ్వు బాగానే ఉందా? అయితే వేడి ఎక్కువై ఉండొచ్చు. గడ్డ బిగుసుకోవాలంటే 15 నుంచి 20 డిగ్రీల చలి కావాలి, 25 దాటితే ఆకులు వదులుగానే ఉండిపోతాయి, అందుకే చల్లని రోజుల్లో గడ్డ కట్టేలా లెక్క చూసుకుని నారు పోసుకోవాలి. మొక్కల మధ్య 45 సెంటీమీటర్లయినా ఎడం లేకపోయినా ఇదే పరిస్థితి.

బాగా తయారైన గడ్డ ఉన్నట్టుండి పగిలితే కారణం నీళ్లే. మట్టి బాగా ఎండిపోయాక ఒక్కసారిగా వానో, దండిగా నీళ్లో పడితే లోపలి ఆకులు ఉబ్బుతాయి, ముదిరిన పై ఆకులేమో సాగవు. వాన వచ్చేలా ఉందా, గడ్డ గట్టిపడిందా, అప్పుడు మొక్కని రెండు చేతులతో పట్టుకుని కొద్దిగా మెలితిప్పండి. కొన్ని వేళ్లు తెగి నీళ్లు పీల్చడం తగ్గుతుంది, కోతకి కొన్ని రోజులు టైం దొరుకుతుంది. పగిలింది కూడా తినొచ్చు, కాకపోతే నిలవ ఉండదు, వెంటనే వండేయండి.

ఆకులకి చిల్లులు పడుతుంటే ఆకు అడుగున చూడండి, పచ్చపురుగులు అక్కడే ఉంటాయి. తక్కువుంటే చేత్తో ఏరేయొచ్చు. ఎక్కువైతే బీటీ మందు (పురుగుల్ని చంపే బ్యాక్టీరియాతో చేసిన మందు) సాయంత్రం పూట కొట్టండి, ఎండకి దాని పవర్ త్వరగా పోతుంది.

తడి ఉన్నా మధ్యాహ్నం మొక్క వాడిపోతుంటే ఒకటి పీకి వేళ్లు చూడండి. వేళ్లు గడ్డల్లా ఉబ్బి వంకరపోతే అది క్లబ్‌రూట్ అనే వేళ్ల తెగులు, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఆ మొక్కల్ని కంపోస్టులో వేయకండి, పుల్లటి (ఆమ్ల గుణం ఉన్న) నేలకి సున్నం కలపండి, ఆ మడిలో ఏళ్ల తరబడి క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి వద్దు.

ఇక వంటింట్లో. తరిగేముందు గడ్డని నాలుగు ముక్కలు చేసి ఉప్పునీళ్లలో పావుగంట ఉంచితే దాక్కున్న పురుగులు చాలావరకు బయటికొస్తాయి. వండితే ఘాటు వాసన వస్తోందంటే ఎక్కువసేపు ఉడికించారు. సన్నగా తరిగి, మూత తీసి, కరకర పోకముందే దించేయండి.