ఇంట్లోనే సీఎన్‌సీ, 5వ పాఠం: ఎర్ర బటన్ నొక్కితే ఏం ఆగాలి?

మనం కట్టుకుంటున్న సీఎన్‌సీకి, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్క కోసే మెషీన్‌కు, ఈసారి లిమిట్ స్విచ్‌లు (కదిలే భాగం కొసకు చేరితే ఆపేవి) చెబుతానన్నాను. అవి చివర్లో చూద్దాం. పోయిన పాఠంలో ఎమర్జెన్సీ స్టాప్ గురించి రెండు ముక్కలే రాసి వదిలేశాను. మీరు పంపిన ఫొటోలు చూశాక మనసు కుదుటపడలేదు. దాదాపు అందరూ ఎర్ర బటన్ నుంచి రెండు సన్న వైర్లు తెచ్చి ఆర్డుయినో (మెషీన్‌ను నడిపే చిన్న బోర్డు) ఏ0 పిన్‌కు కలిపారు. నొక్కితే గ్యాంట్రీ (రూటర్‌ను మోస్తూ కదిలే చట్రం) ఆగుతుంది, సరే. మరి బిట్‌ను తిప్పే మోటారు, రూటర్? అది గోడ ప్లగ్గులో ఉంది. తిరుగుతూనే ఉంటుంది.

ఏ0 అంటే ఆర్డుయినోలో నడిచే జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రాంకు ‘ఆగు’ అని చెప్పే దారి మాత్రమే. ప్రోగ్రాం వింటేనే ఆగుతుంది. బటన్ వైరు ఊడిపోయి ఉంటే ఆ మాట కూడా చేరదు, పైగా ఊడిన సంగతి మీకు తెలియదు.

నా మొదటి మెషీన్‌లో నేనూ ఇలాగే కలిపాను. 12 ఎంఎం ప్లైవుడ్ కోస్తుంటే క్లాంపు వదులైంది. బటన్ కొట్టాను. గ్యాంట్రీ ఆగింది కానీ 6 ఎంఎం బిట్ ఉన్నచోటే గిర్రున తిరుగుతూ చెక్కను నల్లగా మాడ్చేసింది. ప్లగ్గు పీకడానికి ఆ పొగలో, తిరిగే బిట్ మీదుగా చెయ్యి చాచాను. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

బోరు మోటారు స్టార్టర్ డబ్బా చూసే ఉంటారు. పచ్చ బటన్ నొక్కగానే టక్కుమని కాంటాక్టర్ (కాయిల్‌తో పనిచేసే పెద్ద స్విచ్) పట్టుకుంటుంది, ఎర్రది నొక్కితే వదిలేస్తుంది. ఆటో స్టార్టర్ లేకపోతే, కరెంటు పోయి వచ్చినా మళ్లీ పచ్చది నొక్కేదాకా మోటారు తిరగదు. మనకు కావలసింది సరిగ్గా ఇదే.

230 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టర్ తీసుకోండి. ఫేజ్ వైరు ఎంసీబీ దాటి, పుట్టగొడుగు ఆకారపు ఎర్ర బటన్ ఎన్‌సీ పాయింట్ (మామూలుగా కలిసి ఉండి, నొక్కితే విడిపోయేది) గుండా, పచ్చ బటన్ గుండా కాయిల్ ఏ1కి వెళ్లాలి. న్యూట్రల్ ఏ2కి. పచ్చ బటన్‌కు సమాంతరంగా కాంటాక్టర్ 13, 14 పాయింట్లు కలపండి, వేలు తీశాక పట్టు నిలిపేది అవే. రూటర్, యాక్సిస్‌లను కదిపే స్టెప్పర్ మోటార్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), లేజర్ సప్లై, మూడూ కాంటాక్టర్ మెయిన్ పాయింట్ల తర్వాతే ఉండాలి. ఇప్పుడు బటన్ వైరు ఊడితే మెషీన్ అసలు స్టార్టే కాదు. ఫ్రేముకు ఎర్తింగ్ తప్పదు. 230 వోల్టుల పని చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, ఇందులో మొహమాటం వద్దు.

ఏ0 వైరు తీసేయక్కర్లేదు. ఎర్ర బటన్‌కు రెండో కాంటాక్ట్ బ్లాక్ (నొక్కితే కలిసేది) వేసి, ఆ వైరు దానికి కలపండి. లేకపోతే లాప్‌టాప్ బ్యాటరీ మీద ప్రోగ్రాం నడుస్తూనే ఉంటుంది, పచ్చది నొక్కగానే మోటార్లు ఎక్కడికో పరిగెడతాయి. కరెంటు పోయినప్పుడు ప్రోగ్రాం మీరే ఆపి, హోమింగ్ (యాక్సిస్‌లను మొదటి స్థానానికి చేర్చడం) చేశాకే మొదలుపెట్టండి.

కరెంటు తీసేస్తే బరువైన జడ్ యాక్సిస్ (రూటర్‌ను పైకీ కిందికీ కదిపేది) కిందికి జారవచ్చు, బాల్ స్క్రూ అయితే మరీను. చేతులు కింద పెట్టొద్దు. నేనైతే బిట్ మార్చేటప్పుడు చెక్క దిమ్మ అడ్డం పెడతాను.

లిమిట్ స్విచ్‌లూ ఎన్‌సీగానే కలిపి, జీఆర్‌బీఎల్ సెట్టింగుల్లో $5=1 పెట్టండి. లేజర్ బిగిస్తే $32=1 (లేజర్ మోడ్), రూటర్‌కు మళ్లీ $32=0.

అభ్యాసం: బిట్ తీసేసి, రూటర్ తిప్పుతూ మూడు యాక్సిస్‌లూ కదిలిస్తూ బటన్ 20 సార్లు కొట్టండి. పదిసార్లు ఎడమ చేత్తో, కళ్లు మూసుకుని. తర్వాత ప్లగ్గు పీకి, ఎర్ర బటన్ ఎన్‌సీ వైర్లలో ఒకటి ఊడదీసి, కొసకు టేపు చుట్టి, ప్లగ్గు పెట్టి పచ్చది నొక్కండి. టక్కుమని వినిపిస్తే వైరింగ్ తప్పు. రెండో వైరుతోనూ ఇదే చేయండి.