కార్డ్ లాక్ పెట్టించే ముందు తలుపు చూడండి: సంఘం బిల్డింగులో యాక్సెస్ కంట్రోల్ ఎలా చేయించాలి?

బెంగళూరులో మన తెలుగువాళ్ళ సంఘం బిల్డింగులు చాలావరకు ఒకేలా ఉంటాయి, కింద ఫంక్షన్ హాలు, పైన లైబ్రరీ, పక్కన ఆఫీసు రూము, తాళాల గుత్తేమో వాచ్‌మన్ దగ్గర. కమిటీ మీటింగులో ఎవరో ఒకరు యాక్సెస్ కంట్రోల్, అంటే కార్డు చూపిస్తేనే తలుపు తెరుచుకునే కార్డ్ సిస్టమ్ పెట్టిద్దాం అంటారు, వెంటనే ఇంకొకాయన కార్డెందుకండీ ఫేస్ రికగ్నిషనే పెట్టేద్దాం అంటారు, తలుపు సరిగ్గా మూసుకుంటుందా లేదా అని మాత్రం ఎవ్వరూ అడగరు. అసలు పని అక్కణ్ణుంచే మొదలెట్టాలి.

1. ఒక నోట్‌బుక్ పట్టుకుని తలుపులన్నీ తిరిగి రండి

ఒక్కో తలుపు దగ్గర రెండే ప్రశ్నలు. దీంట్లోంచి లోపలికి ఎవరు రావాలి, మంటలొస్తే దీంట్లోంచి బయటికి ఎవరు పరిగెత్తాలి. రెండోదే ముఖ్యం. 2010 ఫిబ్రవరిలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులో కార్ల్‌టన్ టవర్స్ తగలబడినప్పుడు 9 మంది చనిపోయారు, తప్పించుకునే దారులు మూసేసి ఉన్నాయని అప్పట్లో పేపర్లలో వచ్చింది కూడా. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం ఎగ్జిట్ తలుపు బయటివైపుకి తెరుచుకోవాలి, లోపలున్నవాళ్ళు తాళంచెవి లేకుండా తీసుకోగలగాలి, వెడల్పు కనీసం 1000 మిల్లీమీటర్లు, జనం గుమిగూడే హాలుకైతే 2000 ఉండాలి. ఇందులో తేడా ఉంటే లాకుల సంగతి తర్వాత, ముందు తలుపే మార్పించండి. అన్ని తలుపులకీ ఎలక్ట్రానిక్స్ అక్కర్లేదు కూడా, కుర్చీలు పెట్టే స్టోర్ రూముకి మంచి మామూలు తాళం చాలు.

2. తలుపుని బాగు చేయించండి

డబ్బులు అన్నిటికంటే ఇక్కడే ఎక్కువ పెట్టాలని నా అభిప్రాయం. వానాకాలంలో చెక్క ఉబ్బి ఫ్రేముకి పట్టేస్తుంది, బందులు వదులై తలుపు కిందికి జారుతుంది, అలాంటి తలుపుకి ఎంత ఖరీదైన రీడర్ (కార్డుని చదివే పెట్టె) బిగించినా లాక్ పడదు, నాలుగు రోజులకి ఎవరో ఒకరు ఇటుక అడ్డం పెట్టి తెరిచే ఉంచేస్తారు. కార్పెంటర్‌తో బందులు మార్పించి, తలుపుని తనంతట తానే మూసే డోర్ క్లోజర్ కొత్తది వేయించండి, 950 మిల్లీమీటర్ల లోపు తలుపుకి సైజు 3, 1100 దాకా సైజు 4. దాని మీద రెండు స్క్రూలు ఉంటాయి, ఒకటి మూసుకునే స్పీడుకి, రెండోది చివర్లో లాక్ పడే ఊపుకి. తలుపుని జానెడు తెరిచి వదిలేయండి, ఎవరూ తొయ్యకుండా అదే వెళ్ళి లాక్ పడాలి. పడితేనే తర్వాతి స్టెప్. మంటల్ని కాసేపు ఆపేలా చేసిన ఫైర్ డోరుకి మాత్రం ఇష్టమొచ్చినట్టు డ్రిల్లింగ్ చెయ్యనివ్వద్దు, దాని ఫైర్ రేటింగ్ పోతుంది.

3. లాక్ ఎంచుకోవడం

మెయిన్ తలుపుకి మాగ్నెటిక్ లాక్, దాన్నే మనవాళ్ళు ఈఎం లాక్ అంటారు. దాదాపు 280 కిలోల పట్టు ఉండేది మామూలు సైజు, అంతకంటే కావాలంటే 545 కిలోలది. కరెంటు పోతే అది వదిలేస్తుంది, మనుషుల ప్రాణానికి అదే మంచిది, రాత్రి బిల్డింగు మూసేశాక మాత్రం షట్టరో మామూలు తాళమో వెయ్యాల్సిందే. రికార్డులుండే రూముకి ఎలక్ట్రిక్ స్ట్రైక్ (ఫ్రేములో గడియ పడే చోట బిగించే కరెంటు లాక్) పెట్టించండి, కరెంటు పోయినా బయటివైపు లాక్‌లోనే ఉంటుంది, లోపల హ్యాండిల్ తిప్పితే తెరుచుకుంటుంది. ఒక చిన్న విషయం: ఈఎం లాక్‌కి ఎదురుగా తలుపు మీద బిగించే ఇనప ప్లేటు కొంచెం కదులుతూ ఉండాలి, వెనక రబ్బర్ వాషర్ ఇచ్చేది అందుకే. కార్పెంటర్ అది లూజుగా ఉందనుకుని గట్టిగా బిగించేశాడా, రెండు ముఖాలూ సరిగ్గా అతుక్కోవు, పట్టు సగానికి సగం పడిపోయినా ఆశ్చర్యం లేదు.

4. బయటికెళ్ళే దారి

లోపల ఎగ్జిట్ బటన్ ఒక్కటే సరిపోదు. పక్కనే ఆకుపచ్చ బ్రేక్ గ్లాస్ (అవసరంలో గట్టిగా నొక్కే ఎమర్జెన్సీ పెట్టె) పెట్టించి, అది లాక్‌కి వెళ్ళే కరెంటునే నేరుగా కట్ చేసేలా వైరింగ్ చేయించండి, ఫైర్ అలారం ప్యానెల్‌ని కూడా అలాగే కలపాలి. లాకుల్ని నడిపించే కంట్రోలర్ బాక్సు హ్యాంగ్ అయినా తలుపు తెరుచుకోవాలి కదా! సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది సార్ అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

5. కార్డు, రీడరు

చవగ్గా దొరికే 125 కిలోహెర్ట్జ్ కార్డుని చిన్న మెషిన్‌తో నిమిషంలో కాపీ కొట్టేయొచ్చు, మైఫేర్ క్లాసిక్ అనే ఇంకో రకం కార్డు గుట్టు కూడా 2008లోనే బయటపడింది. కొత్తగా పెట్టేవాళ్ళు ఇంకా భద్రమైన డెస్‌ఫైర్ రకం కార్డే అడగండి. రీడర్ నుంచి కంట్రోలర్‌కి వీగాండ్ అనే పాత పద్ధతి వైరింగ్ అయితే కార్డు నంబరు ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్తుంది, ఓఎస్‌డీపీ అనే కొత్త పద్ధతి రీడర్ తీసుకుని, అందులో ఎన్‌క్రిప్షన్ చేసే సెక్యూర్ ఛానెల్ ఆన్ చేయించండి. ఇంకోటి, లాక్ తెరిచే రిలే (కరెంటుతో నడిచే స్విచ్) బయట గోడ మీదున్న రీడర్‌లోనే ఉంటే, స్క్రూ డ్రైవర్ ఉన్న ఎవడైనా దాన్ని ఊడదీసి రెండు వైర్లు కలిపి లోపలికి వచ్చేస్తాడు. కంట్రోలర్ లోపలే ఉండాలి. వేలిముద్రలు నన్నడిగితే వద్దు, పెద్దవాళ్ళ వేళ్ళు అరిగిపోయి ఒక పట్టాన రీడ్ అవ్వవు, పైగా డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023 వచ్చాక ఆ డేటా భద్రత కమిటీ నెత్తిన పడుతుంది.

6. వైరు, బ్యాటరీ

ఎలక్ట్రీషియన్ మిగిలిన నెట్‌వర్క్ కేబుల్‌లో ఒక జత వైర్లతో లాక్‌కి కరెంటు ఇచ్చేస్తానంటాడు. 12 వోల్టుల లాక్ అర యాంపియర్ తీసుకుంటే 30 మీటర్ల దూరంలో అందులో రెండున్నర వోల్టులు దారిలోనే పోతాయి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయిస్తే అర వోల్టు కూడా పోదు. బ్యాకప్‌కి 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే ఒక లాక్‌కి లెక్క ప్రకారం 14 గంటలు, పాతబడ్డాక అంత రాదు, బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో కొనేటప్పుడు తయారీ తేదీ చూసుకోండి.

7. అప్పజెప్పించుకోవడం

లాక్ బిగించగానే అయిపోలేదు, ఇల్లలకగానే పండగ కాదు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్పించండి, కార్డు పోతే డిలీట్ చెయ్యడం సెక్రటరీ గారితో పాటు ఇంకొకరికి కూడా నేర్పించండి, ఉగాది లాంటి రోజుల్లో మెయిన్ తలుపు ఫ్రీగా వదిలేసే సెట్టింగు ఎక్కడుందో చూపించమనండి. బ్రేక్ గ్లాస్ దగ్గర బోర్డు కన్నడలో, తెలుగులో, ఇంగ్లీషులో ఉండాలి. తర్వాత వెండర్‌ని ఎదురుగా నిలబెట్టి మెయిన్ కరెంటు ఆపి ఒకసారి, కంట్రోలర్ ఆపి బ్రేక్ గ్లాస్ నొక్కి ఒకసారి, ఫైర్ అలారం మోగించి ఒకసారి చూడండి. మూడిట్లోనూ లోపలివాళ్ళు బయటికి రాగలిగాకే చివరి చెక్కు మీద సంతకం పెట్టండి.